ఎంజైముల నమ్యత: మితోష్ణజీవులును ఉష్ణప్రియజీవులును

హైదరాబాదు పాతబస్తీలో, 1591వ సంవత్సరమున వెలసిన చార్మినారునకుఁ బడమరగా లాడ్ బజారు గలదు. అచ్చటి సందులలో లక్కగాజులు చేయు పనివాఁడు నిప్పుల కుంపటి ముందుఁ గూర్చుండి, గట్టిగా నున్న లక్కముద్దను వేఁడిమికిఁ జూపును. చల్లని లక్క వంగదు. బలవంతముగా వంచిన విఱుగును. మితిమీఱి కాఁగిన లక్క వంగుట మాత్రమే కాక రూపమును నిలుపుకొనలేక జాఱిపోవును. ఈ రెంటి నడుమ నొక యదను గలదు. ఆ యదనున లక్క వంగును, వంగియు ముద్దగానే నిలుచును. రంగురాళ్లును అద్దపుఁ బెంకులును అప్పుడే పొదుగఁబడును. 2024వ సంవత్సరమున భౌగోళిక సూచికను బొందిన యీ హైదరాబాదు లక్కగాజుల పనిలో నేర్పంతయు ఆ యదను నెఱుఁగుటయందే యున్నది.

జీవకణములయందుఁ బని చేయు ఎంజైములకును ఇట్టి యదను గలదని శాస్త్రజ్ఞు లూహించిరి. సాధారణమైన వేఁడిలో బ్రదుకు సూక్ష్మజీవుల ఎంజైములు మెత్తనివనియు, కాఁగుచున్న బుగ్గలలో బ్రదుకు సూక్ష్మజీవుల ఎంజైములు బిరుసైనవనియు, ఎవని బిరుసుదనము వాని వేఁడికిఁ దగినట్లు కుదిరియుండుననియు ఆ యూహ. చాలకాలము ఇది సిద్ధాంతమువలెఁ జెల్లినది. అది యెంతవఱకు నిలుచునో, ఎచ్చట నిలువదో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము. ఈ విచారమునందు లాడ్ బజారున్న నగరమే, మూసీ నది కావలి యొడ్డున, ఒక ముఖ్యమైన సాక్ష్యము నిచ్చినది.

మొదట ఎంజైమనఁగా నేమో చెప్పవలయును. అది ప్రాయికముగా నొక ప్రోటీను. ఇరువది విధములగు అమినో ఆమ్లములు, అక్షరమాలలోని వర్ణములు పదమునందువలె, ఒక నిర్ణీత క్రమమునఁ గూడి గొలుసుగా నేర్పడును. వర్ణక్రమము మాఱినచోఁ బదార్థము మాఱునట్లు, ఈ క్రమము మాఱినచోఁ బ్రోటీను గుణము మాఱవచ్చును. అయితే పదమునకు లేని ధర్మ మొకటి ప్రోటీనునకుఁ గలదు. అది గొలుసుగా నిలువక ముడుచుకొని యొక రూపమును దాల్చును. గొలుసులోని మలుపులలో నేవి సాధ్యములో, ఏవి యసాధ్యములో లెక్కకట్టి 1963వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయమునుండి జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రకటించిన పటము నేఁటికిని లోకమంతట వాడుకలో నున్నది.

ఇట్లు ముడిచిన రూపమున నొకచోఁ జిన్న గుంటవంటి తావుండును. దానికిఁ గ్రియాస్థానమని పేరు పెట్టుకొందము. మాఱవలసిన ద్రవ్య మచ్చటికి వచ్చి చేరును. కొన్ని అమినో ఆమ్లములు దానిపైఁ బని చేసి మార్చి విడిచివేయును. ఎంజైము మాత్రము చెడక మఱల మొదటికి వచ్చును.

ఈ రూపమును నిలుపు బంధములు వేఱువేఱుగాఁ జూచిన మిగుల బలహీనములు. అవి పెక్కుగాఁ గూడుటవలన మాత్రమే రూపము నిలుచుచున్నది. వేఁడిమి పెరిగినకొలఁది అణువు లూఁగులాడును. ఒక యవధి దాఁటఁగానే ముడి విప్పుకొనును. విప్పుకొన్న గొలుసు లొండొంటి కంటుకొని గడ్డకట్టును. ఉడికిన కోడిగ్రుడ్డులోని తెల్లసొన దీనికి నిత్యదృష్టాంతము. అది చల్లారినను మఱల ద్రవము కాదు. సగము అణువులు విప్పుకొను నుష్ణమును ద్రవణోష్ణ మందురు.

సాధారణ జీవుల ఎంజైములు చెడిపోవు వేఁడిలోఁ బ్రదుకు జీవులును గలవు. భద్రాచలమునకు సమీపమున గుండాలవద్ద గోదావరి యొడ్డున వేఁడినీటి యూటలు గలవని తెలుఁగువా రెఱుఁగుదురు. ఇట్టి బుగ్గలు లోకమునఁ బెక్కుచోట్లఁ గలవు. అమెరికా దేశమున యెల్లోస్టోన్ వనమునందలి బుగ్గలలో థామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుఁడు 1966వ సంవత్సరమున వెదకి, 70 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున హాయిగాఁ బెరుగు నొక బాక్టీరియాను గనిపెట్టెను. దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరిడి, హడ్సన్ ఫ్రీజ్ అను శిష్యునితోఁ గూడి 1969లోఁ బ్రకటించెను. ఇట్టివానిని ఉష్ణప్రియజీవు లనవచ్చును. మన ప్రేవులలో వసించు ఎషెరిషియా కోలై మొదలగునవి 37 డిగ్రీల ప్రాంతమునఁ బెరుగును గనుక మితోష్ణజీవులు.

ఈ రెండు తెగల భేదము కేవలము వింతవిషయము కాదు. డీఎన్ఏ పోగును మాటిమాటికి నకలు తీయు ప్రక్రియను కారీ మల్లిస్ 1983లో భావించెను. అందుఁ బ్రతి యావృత్తియందును డీఎన్ఏను మిక్కిలి కాఁచి రెండు పోగులను విడఁదీయవలయును. తొలుత వాడిన ఎషెరిషియా కోలై ఎంజైము ఆ కాఁపునకు నశించుచుండెను. కాఁబట్టి ప్రతి మాఱును క్రొత్తగా వేయవలసి వచ్చెను. పిదప థర్మస్ అక్వాటికస్ ఎంజైము దాని స్థానము నాక్రమించినది. ఒక్కమాఱు వేసిన నది ముప్పది నలువది యావృత్తుల నోర్చినది. రోగనిర్ణయమునకును నేరపరిశోధనకును నేఁ డీ ప్రక్రియ యాధారము. మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమాన మిందులకే లభించెను.

మఱి ఉష్ణప్రియజీవుల ఎంజైములు వేఁడి కెట్లోర్చుచున్నవి? రెండు తెగల ఎంజైముల రూపములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, అవి స్థూలముగా నొక్కటే. భేదములు సూక్ష్మములు. కొన్నిటిలో ధన ఋణ విద్యుదావేశములుగల భాగముల జతలు హెచ్చు. కొన్నిటిలో లోపలి కూర్పు సందులేక యుండును. కొన్నిటిలో వెలుపల వ్రేలాడు మెలికలు పొట్టివి. కొన్నిటిలోఁ దనకుఁ దానే బిగువైన ప్రోలీను అను అమినో ఆమ్లము తగినచోట్లఁ జేరియుండును. అన్నిటికిని ఒక్కటే మందు లేదు. అయినను ఇవన్నియు నణువును బిగించునవే కదా యను భావము సహజముగాఁ గలిగినది.

దానినుండి వెనుకఁ జెప్పిన యూహ పుట్టినది. ఎంజైము పని చేయవలయునన్నఁ గొంత వంగవలయును. మితోష్ణజీవి ఎంజైము 37 డిగ్రీలలోఁ గావలసినంత వంగును. 70 డిగ్రీలలో మితిమీఱి వంగి విప్పుకొనును. ఉష్ణప్రియ ఎంజైము 70 డిగ్రీలలోఁ గావలసినంత వంగును. 25 డిగ్రీలలో బిఱ్ఱబిగిసి మందగించును. అనఁగా ఎవని యింట వానికి నమ్యత సమానమే.

ఈ యూహకు బలమైన యాధారములు లభించినవి. హంగరీ దేశపు జావొద్‌స్కీ యును ఆయన సహచరులును 1998లో థర్మస్ థర్మోఫిలస్ అను ఉష్ణప్రియజీవినుండియు ఎషెరిషియా కోలై నుండియు ఒకే పనిచేయు ఎంజైమును గైకొనిరి. ప్రోటీనును భారజలమున నుంచినచో, వెలుపలికిఁ గనఁబడు హైడ్రోజను స్థానమున డ్యుటీరియము చేరును. అణువు ఎంత తఱచుగా విచ్చుకొనునో అంత త్వరగా నీ మార్పిడి జరుగును. దీనిచేఁ గొలువఁగా 25 డిగ్రీలలో ఉష్ణప్రియ ఎంజైము స్పష్టముగా బిరుసుగా నున్నది. కాని రెండును తమతమ పనికిఁ దగిన వేఁడిలోఁ జూచినప్పుడు నమ్యత యించుమించు సమానముగాఁ గనఁబడినది. 2004లో అడినిలేట్ కైనేజ్ అను ఎంజైమునుగూర్చి మఱియొక పరిశోధన వెలువడినది. ఈ ఎంజైమునకు బరిణెమూఁతవంటి భాగ మొకటి గలదు. ద్రవ్యము చేరఁగానే మూఁత పడును. పని ముగిసినపిదపఁ దెఱచుకొనును. అక్విఫెక్స్ అను ఉష్ణప్రియజీవి ఎంజైమున మూఁత తెఱచుకొనుట తక్కువ వేఁడిలో నాలస్యమగుచున్నదనియు, పని మందగించుట కదియే హేతువనియుఁ దేలినది.

ఇంతవఱకు నూహ నిలిచినది. కాని విరుద్ధసాక్ష్యములును వచ్చినవి. పైరోకాకస్ ఫ్యూరియోసస్ అను జీవి 100 డిగ్రీల వేఁడిలోఁ బ్రదుకును. అది బాక్టీరియా కాదు, ఆర్కియా యను వేఱొక తెగకుఁ జెందినది. దాని రుబ్రెడాక్సిన్ అను ప్రోటీను, ఎంజైము కాకున్నను, వేఁడి కోర్చుటలో మిగులఁ బ్రసిద్ధము. 2000లో దానిని 28 డిగ్రీలలోనే పరీక్షింపఁగా హైడ్రోజను మార్పిడికిఁ గావలసిన విచ్చుకొనుట ప్రతిచోటను సెకనులో వేయవ వంతు ప్రాంతముననే జరుగుచున్నట్లు కనఁబడినది. మిక్కిలి బిరుసుగా నుండవలసినది యట్లు లేదు. అదే సంవత్సరమున ఫిట్టర్, హెబర్లే అనువారు పిండిపదార్థమును విఱుచు అమైలేజ్ ఎంజైములను న్యూట్రాన్లతోఁ బరీక్షించిరి. వేఁడి కోర్చు ఎంజైమే హెచ్చుగాఁ గదలుచుండెను. ముడిచియున్నప్పుడే స్వేచ్ఛగాఁ గదలు నణువునకు, విప్పుకొనుటచేఁ గ్రొత్తగా లభించు స్వేచ్ఛ తక్కువ. కావున విప్పుకొనుటకు దానికిఁ ద్వర తక్కువ అని వారి సమాధానము.

ఇట్లు పరస్పరవిరుద్ధములుగాఁ దోఁచు సాక్ష్యములు వచ్చినప్పుడు శబ్దార్థమును విచారించుట మేలు. సైంధవమను పదమునకు ఉప్పనియు గుఱ్ఱమనియు రెండర్థములు గలవు. భోజనకాలమున సైంధవము దెమ్మన్న నుప్పు దేవలయును. ప్రయాణకాలమున గుఱ్ఱమును దేవలయును. ప్రకరణమునుబట్టి యర్థము. నమ్యతయను మాటయు నట్టిదే. న్యూట్రాన్లు కొలుచు కదలిక సెకనులో లక్షకోట్లవ వంతునకు సంబంధించినది. అది యణువు నిలుచున్నచోటనే వణఁకుట వంటిది. మూఁత తెఱచుకొనుట సెకనులో వేయవ వంతు ప్రాంతమున జరుగు పని. అది తలుపు తీయుట వంటిది. గాలికి వణఁకుచున్న తలుపు సులువుగాఁ దెఱచుకొనునను నియమము లేదు. మఱియు నీ చలనము అణువంతటఁ గలదా, ఒక మెలికయందే కలదా, క్రియాస్థానమునఁ గలదా యనుటయు వేఱువేఱు ప్రశ్నలు. ఈ భేదములను బాటింపక నమ్య మనియు బిరుసనియుఁ బలుకుట వివాదమునకు మూలము.

మఱియొక చిక్కు గలదు. రెండు జీవుల ఎంజైములను బోల్చినప్పుడు వానిలోఁ బెక్కు భేదములుండును. వంశము వేఱగుటచే వచ్చినవి కొన్ని, ఆహారభేదముచే వచ్చినవి కొన్ని, వేఁడిచే వచ్చినవి కొన్ని. వేఁడి కోర్చుట కే భేదము హేతువో విడఁదీయుట దుర్ఘటము. ఒకే ఎంజైమును దీసికొని, దానియందుఁ గొలఁది మార్పులు మాత్రమే చేసి, వేఁడి కోర్చునట్లు చేసినచో నీ చిక్కు తీఱును. హైదరాబాదులో జరిగిన పని యిదియే.

మూసీ కుత్తరమున, హబ్సిగూడ ప్రాంతమున, కణ అణు జీవశాస్త్ర కేంద్రము గలదు. సీసీఎంబీ యని దానికి వాడుకపేరు. అది 1977వ సంవత్సరమున స్థాపితమైనది. అందు ఎన్. మధుసూదనరావు, ఆర్. శంకరనారాయణన్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును బాసిలస్ సబ్టిలిస్ అను మితోష్ణ బాక్టీరియాయొక్క లైపేజ్ ఎంజైమును బరిశోధించిరి. నూనెను, క్రొవ్వును విఱుచుట లైపేజుల పని. బట్టలలోని జిడ్డును దీయు పొడులయందును, ఆహారపరిశ్రమలయందును వానికి వినియోగము గలదు. బాసిలస్ లైపేజు మిగులఁ జిన్నది. 181 అమినో ఆమ్లములు మాత్రమే దానియందున్నవి. పెక్కు లైపేజులకుఁ గ్రియాస్థానముపై మూఁత యుండును, దీనికి లేదు. 77వ చోట సెరీను, 133వ చోట ఆస్పార్టిక్ ఆమ్లము, 156వ చోట హిస్టిడీను, ఈ మూఁడును గూడి పని నెఱవేర్చును.

వారి పద్ధతి యిట్టిది. లైపేజు జన్యువును నకలు తీయునప్పుడు బుద్ధిపూర్వకముగాఁ దప్పులు దొరలనిత్తురు. వ్యాకరణమున నొక వర్ణముచోట మఱియొక వర్ణము వచ్చుటకు ఆదేశ మని పేరు. ఇచ్చట నొక అమినో ఆమ్లముచోట మఱియొకటి యాదేశమగును. ఇట్లేర్పడిన పెక్కు రకముల ఎంజైములను గాఁచి, ఏది పని చేయు శక్తిని నిలుపుకొన్నదో దాని నేరుకొందురు. ఏరిన దానియందు మఱల నాదేశములను గలిగించి మఱల నేరుదురు. ఇది ప్రకృతిలో యుగములు పట్టు వరణమును ప్రయోగశాలలో జరుపుట. ఈ మార్గమును బ్రతిష్ఠించినందులకే ఫ్రాన్సిస్ ఆర్నల్డ్‌కు 2018లో నోబెల్ బహుమానము వచ్చినది.

2004, 2008 సంవత్సరములలోఁ గ్రమముగాఁ బ్రకటించిన రకములపిదప, 2011లో 6బి యను రకమును వారు వెల్లడించిరి. అందు 181 చోట్లలోఁ బండ్రెండింట మాత్రమే యాదేశములు జరిగినవి. సహజ ఎంజైము ద్రవణోష్ణము సుమారు 56 డిగ్రీలు. 6బి ద్రవణోష్ణము 78 డిగ్రీలు. సహజ ఎంజైము చక్కఁగాఁ బని చేయు వేఁడి సుమారు 35 డిగ్రీలు, అనఁగా హైదరాబాదు వేసవి మధ్యాహ్నముకంటెఁ దక్కువ. 6బి కది 65 డిగ్రీలు. అంతకంటె నాశ్చర్యకర మేమనఁగా, కాఁచినను 6బి గడ్డకట్టదు. దాని రూపమును స్ఫటికములద్వారా పరీక్షింపఁగా, వదులుగా నూఁగు మెలికలును, సుడుల కొనలును మిగిలిన యణువునకు గట్టిగాఁ గట్టువడినట్లు తేలినది. నీటిని రోయు పెద్ద తావులు వెలుపల నుండినవి తగ్గిపోవుటయు గడ్డకట్టకుండుట కొక హేతువు. అయస్కాంత పరీక్షలును అణువు మిగుల బిరుసుగా నున్నదనియే తెలిపినవి.

ఇచ్చట నసలు ప్రశ్న తలయెత్తినది. వెనుకటి యూహ నిజమగునేని, ఇంత బిరుసైన 6బి సాధారణపు వేఁడిలో మందగింపవలయును. అట్లు జరుగలేదు. దాని స్థిరత్వముతోపాటు పనితనమును హెచ్చినది. బహుశః అణువు బిగిసినను క్రియాస్థానము మాత్రము మెత్తగా మిగిలినదేమో యని సందేహము. దానిని దీర్చుటకై వారు మఱియొక పరిశోధన చేసి 2012లోఁ బ్రకటించిరి. అణువు చలనములను గణితయంత్రమున ననుకరించియు, దాని నుండి వెలువడు వెలుఁగు క్షణక్షణమున నెట్లు తఱుగునో కొలిచియుఁ జూచిరి. ఫలితము సందేహమునకు విరుద్ధము. 6బి క్రియాస్థానము సహజ ఎంజైమునందుకంటె మఱింత బిరుసుగా నున్నది.

దీనికి వారు చూపిన హేతువు యుక్తము. ఈ లైపేజు పని చేయునప్పుడు క్రియాస్థానము మాఱవలసినది మిక్కిలి స్వల్పము. ముందు పేర్కొన్న మూఁడు అమినో ఆమ్లములు పనికిఁ దగిన దూరమునఁ, దగిన దిశలో నుండుటయే ముఖ్యము. సహజ ఎంజైమున నవి యప్పుడప్పుడు చెదరును; 6బి యందు హెచ్చుకాలము కుదురుగా నుండును. కాఁబట్టి యిచ్చట బిరుసుదనము పనికి విఘ్నము కాదు, సాయము.

ఈ విషయమును అడినిలేట్ కైనేజుతోఁ బోల్చినచోఁ దత్త్వము స్ఫుటమగును. దానికి మూఁత తెఱచుకొనుటయే యన్నిటికంటె నాలస్యమగు మెట్టు. మూఁత బిగిసినఁ బని యాఁగును. లైపేజునకు మూఁతయే లేదు. దాని పని చలనముపై నంతగా నాధారపడదు. అనఁగా నమ్యత తగ్గినఁ బని మందగించునను వాక్యము, ఏ ఎంజైమునకుఁ జలనమే జాప్యమునకు మూలమో దానికి మాత్రమే చెల్లును.

పాణినీయమున సామాన్యవిధిని ఉత్సర్గ మందురు, విశేషవిధిని అపవాద మందురు. అపవాదము ఉత్సర్గమును బూర్తిగాఁ గొట్టివేయదు. తన విషయమునుండి మాత్రము దానిని తొలఁగించును. మిగిలినచోట ఉత్సర్గము యథాపూర్వముగాఁ బ్రవర్తించును. హబ్సిగూడ లైపే జిట్టి యపవాదము. దానివలన జావొద్‌స్కీ కొలఁతలు తప్పు కాలేదు. అడినిలేట్ కైనేజు మూఁత మాటయుఁ దప్పు కాలేదు. కాని ఒక్క యుదాహరణముచేతనే ఎంజైములన్నిటిని బిగించిన బాగుపడునని చెప్పుటయు సాహసమే యగును.

ఈ వివేకమునకుఁ బ్రయోజనము గలదు. వేఁడి కోర్చు ఎంజైమును గల్పింపఁబూనువాఁడు పనితనమును గోలుపోవక తప్పదని ముందే నిరాశ చెందినచో, 6బి వంటి రకము నేరుకొననే యేరుకొనఁడు. క్రియాస్థానము దరికిఁ బోఁగూడదని వెఱచి దూరపు మార్పులతోనే తృప్తిపడును. స్థిరత్వమును బనితనమును ఒక్కచోఁ గూడవచ్చునని తెలిసినవాఁడు రెంటికొఱకును వెదకును. అట్టివాఁడు ఎంజైము నెదుట నుంచుకొని మూఁడు ప్రశ్న లడుగవలయును. ఏ భాగము కదలుచున్నది? ఎంత కాలమున కదలుచున్నది? ఆ కదలిక యే పనికిఁ గావలసియున్నది? ఈ మూఁటికిని సమాధానము దొరికినపిదపనే మెత్తన మేలో బిరుసు మేలో చెప్పుట న్యాయము.

లాడ్ బజారు పనివాఁడును లక్కను గట్టిదనిగాని మెత్తనిదనిగాని మెచ్చుకొనఁడు. రాయి పొదుగునప్పుడు మెత్తనగుటయు, చేతికి వేసికొన్నప్పుడు గట్టిగా నుండుటయు వానికిఁ గావలయును.